ఎవరిదీ కాని దుప్పటి

దుప్పటిని తిరగేసి, బోర్లించి, నాలుగు కొసలూ ఎండకు పట్టి చూశాడు ఇసక్కిముత్తు. ఎక్కడా గుర్తు లేదు.

నల్లజీడి రసంతో కొసన పెట్టిన చుక్కో గీతో కొక్కెమో కనిపిస్తేనే ఆ చాకిరేవులో బట్టకు ఒక ఇల్లున్నట్టు. రెండు చుక్కలూ ఒక గీతా అంటే డాక్టరమ్మగారిల్లు. మూడు చుక్కలు ముక్కోణంగా ఉంటే చర్చి వెనక పర్యాటకుల విడిది. పేర్లు రాసుకోవడం ఫోర్టు కొచ్చి చాకళ్ళకు అలవాటు లేదు. సొంత ఇంటి బట్టలకు మాత్రం గుర్తు పెట్టరు. సాయంత్రం ఎవరివి వాళ్ళకు వేరు చేశాక దండెం మీద మిగిలినవే మనవి. అలా లెక్క వేస్తే ఈ దుప్పటి తనదే కావాలి. కాని తను కొనలేదు, కప్పుకోలేదు. అంచులో కొట్టు వాసన ఇంకా పోలేదు.

“ఎవరింటిది అల్లుడూ ఇది?”

“ఎవరిదీ కాదు మామా. సంఘం కొన్నది,” అన్నాడు కుమరేశన్. అతడు రేవు సంఘానికి కార్యదర్శి. ఇస్త్రీ మడత చెడకుండా తడి గట్టున నిలబడి మాట్లాడే నేర్పు అతనికి ఆ పదవితోనే వచ్చింది.

“సంఘం పడుకుంటుందా దీని మీద?”

పక్క బండ దగ్గర సుడలై పగలబడి నవ్వాడు. “పడుకోక? పోయిన మీటింగు మొత్తం నిద్రే కదన్నా!”

కుమరేశన్ ఆ మాట విననట్టే ఉన్నాడు. “గురువారం పర్యాటకుల ఓడ వస్తోంది మామా. గైడు రెజి ఒక బస్సు జనాన్ని మన దగ్గరికి తీసుకొస్తానన్నాడు. ముందు చీనా వలలు, ఆ తర్వాత పాత చర్చి, తర్వాత మనం, మనం అయ్యాక మట్టాంచేరి కోట, మిరియాల వీధి. మధ్యలో మనకి పావుగంట. నీ బండ ముందు వరసలో ఉంది, వెలుతురు బాగా పడుతుంది. నువ్వు ఈ దుప్పటి బాదుతూ ఉంటే చాలు.”

“ఇది మాయనే లేదు కదరా.”

“అవును.”

“మరి?”

“మురికి గుడ్డయితే వాళ్ళ మీద చిందుతుందంట. శుభ్రమైందే కావాలన్నాడు రెజి.”

ఇసక్కిముత్తు తన కుడి భుజాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. మాటకు బదులు అతడు భుజం పట్టుకోవడం ఈమధ్య రేవులో అందరికీ అలవాటయింది. ఇంకొక ఏడాది ఇలాగే బాదితే ఆ చెయ్యి అన్నం ముద్దను కూడా నోటిదాకా ఎత్తలేదని ప్రభుత్వాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఆ కాగితం చూసే సంఘం అతనికి బట్టలుతికే మిషను ఇప్పించింది. ఇప్పుడది వెనక రేకుల పంచలో గుడగుడమంటూ విడిది తువ్వాళ్ళను తిప్పుతోంది. దాని పక్కన అతని భార్య పేచ్చియమ్మాళ్ నడుముకు కొంగు బిగించి నిలబడి ఉంది.

“చెయ్యి సంగతి నాకు తెలీదా మామా? పావుగంటే కదా. మిగతా రోజంతా మిషనే చేస్తుంది. కాకపోతే వాళ్ళొచ్చినప్పుడు దాని మీద టార్పాలిన్ కప్పుదాం.”

“ఎందుకు?”

“మిషను కనిపిస్తే గుంపు రాదన్నాడు. గుంపు రాకపోతే అతను మనకి వేయిస్తానన్న షెడ్డు వెయ్యడు. షెడ్డు లేకపోతే ఈ వానాకాలం కూడా అందరం తడుస్తాం. అప్పుడు అందరూ నా మీద పడతారు: ఇసక్కి ఒక్కడికే మిషనెందుకు, వెనక్కి పంపెయ్ అని. నేనేం చెప్పను?”

కుమరేశన్ చెప్పినదానిలో దబాయింపు లేదు, అబద్ధమూ లేదు. ఒక మాటకు ఇంకొక మాట చక్కగా అతుక్కుని ఉంది. మిషను ఉండాలంటే మిషను లేనట్టు ఉండాలి. భుజం మిగలాలంటే భుజం ఎత్తాలి. ఇసక్కిముత్తు ఆ వరసను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి రెండుసార్లు నడిచి చూశాడు. ఎక్కడా మెట్టు విరగలేదు. అయినా ఎక్కడికి చేరిందో అర్థం కాలేదు.

“సరేలే,” అన్నాడు.

మర్నాడు పొద్దున అలవాటు పడడానికి ఒకసారి చేసి చూశాడు. దుప్పటిని తొట్టిలో ముంచి, పొడుగునా నాలుగు మడతలు వేసి, ఒక కొసను మణికట్టుకు చుట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి ఎత్తాడు. పళ్ళ సందున ఊపిరి వదులుతూ బండ మీదికి దించాడు.

చప్పుడు ఫెడేలుమంది. అది చివరి చప్పుడు.

మురికి బట్ట మొదట అలా పలకదు. తొలి దెబ్బలకు ముద్దగా, మూతి ముడిచినట్టు పలుకుతుంది. బండ మీది నుంచి కారే నీళ్ళు బూడిదరంగులో ఉంటాయి. పది దెబ్బలకో పదిహేను దెబ్బలకో గొంతు విడుతుంది, నీళ్ళు తేలికపడతాయి, చెయ్యి దానంతటది ఆగిపోతుంది. ఎప్పుడు ఆపాలో ఇసక్కిముత్తు ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచించవలసిన పని ఒకటి అక్కడ ఉందన్న సంగతే అతనికి తెలియదు. ఈ దుప్పటి మొదటి దెబ్బకే చివరి మాట చెప్పేసింది. నీళ్ళు తొట్టిలో ఉన్నంత తెల్లగానూ తిరిగి వచ్చాయి. అతని చెయ్యి లేచింది, పడింది, మళ్ళీ లేచింది. ఇక చాలని చెప్పేవాళ్ళు లేరు.

“ఏంటన్నా, దాన్ని చంపేస్తావా?” అన్నాడు సుడలై.

అప్పుడు ఆగాడు. దుప్పటి అంచు పోగులు లేచి ఉంది. చెయ్యి మెడదాకా మంటెక్కింది. పాత రోజుల్లో విడిది బట్టలన్నీ ఒక్క పూటలో బాదినప్పుడు కూడా ఇంత నొప్పి లేదు. నొప్పి కన్నా ఆ లెక్క అతన్ని ఎక్కువ కలవరపెట్టింది.

భోజనాలయ్యాక పేచ్చియమ్మాళ్ భుజానికి నూనె మర్దన చేసింది. “ఇది నొప్పి కాదయ్యా, దిష్టి. గురువారం రాబోయే కెమెరాల దిష్టి మంగళవారమే తగిలింది,” అని తేల్చి, ఒక నిమ్మకాయా నాలుగు పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి మిషను మూతకు వేలాడదీసింది. యంత్రానికి దిష్టి తగులుతుందన్నది నిరూపణ కాలేదు. నిమ్మరసం కారి మూత మీద మరక పడడం మాత్రం సాయంత్రానికల్లా కళ్ళకు కనిపించింది.

బుధవారం మధ్యాహ్నం విడిదిలో ఇస్త్రీ మూట అప్పగించి సైకిలు నడిపించుకుంటూ సముద్రం ఒడ్డు మీదుగా వచ్చాడు. ఆ దారిన రోజూ వెళ్ళేదే. చీనా వలల వైపు తల తిప్పి చూసి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. ఈరోజు మాత్రం సైకిలును ఒక చెట్టుకు ఆనించి, కొబ్బరిబోండాలవాడి నీడలో నిలబడ్డాడు.

పోటు ఇంకా మొదలు కాలేదు. వలవాళ్ళు చేపల కోసం దించే వేళ కాదది. అయినా తలకు టోపీలు పెట్టుకున్న నలుగురు పర్యాటకులు మోకు పట్టుకుని, వలవాళ్ళతో కలిసి ఏలేలో అంటూ వెనక్కి లాగుతున్నారు. బరువు కోసం కట్టిన రాళ్ళు ఒకటొకటిగా దిగాయి. నీళ్ళలోంచి వల పెద్ద ఉయ్యాలలా లేచింది. అందులో ఒక ప్లాస్టిక్ సీసా, కొంచెం నాచు, ఎండ. అందరూ చప్పట్లు కొట్టారు.

వాళ్ళు వెళ్ళాక, బల్ల మీద కూర్చుని బీడీ ముట్టించిన ముసలి వలకాపరి దగ్గరికి వెళ్ళాడు ఇసక్కిముత్తు.

“ఏమీ పడలేదే?” అన్నాడు.

“పడింది కదా, ఫొటో,” అన్నాడు ముసలాయన. “నువ్వు చాకిరేవోడివి కదూ? మా చర్చి గుడ్డలు ఉతికేది మీరేగా. ఏంటిలా వచ్చావు, చేపలు కావాలా?”

“లేదు. ఒకటి అడుగుదామని. ఖాళీ వల ఎత్తేటప్పుడు... చెయ్యికి ఎలా ఉంటుంది?”

ముసలాయన బీడీ నోట్లోంచి తీసి అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. “ఎండ దెబ్బ తగిలిందా నీకు?”

“రేపు మా దగ్గరికీ వస్తున్నారు.”

“ఓహో.” ముసలాయన బీడీ బూడిద దులిపాడు. “చెయ్యికి చెప్పకు. ఖాళీ అని దానికి తెలిస్తే రెండోసారి లేవదు. నేనైతే ఏదో ఒకటి పడిందనే లాగుతాను. పడదు. అది వేరే సంగతి.”

ఆ మాటలో సలహా ఉన్నట్టే అనిపించింది ఇసక్కిముత్తుకు. సైకిలు తొక్కుతున్నంతసేపూ దాన్ని వెతికాడు. రేవుకు చేరేసరికి దొరికింది.

పొద్దు వాలకముందే, పేచ్చియమ్మాళ్ దండెం దగ్గర ఉండగా, ఇస్త్రీపెట్టెలోంచి కొబ్బరిచిప్పల బూడిద గుప్పెడు తీశాడు. దుప్పటిని బండ మీద పరచి, బూడిదను నీళ్ళతో కలిపి, మధ్యలో అరచేత్తో రుద్దాడు. తర్వాత కొంచెం బురద. చొక్కాకు మాసే మెడపట్టీ దుప్పటికి ఎక్కడుంటుందో తోచక, మనిషి తల ఆనించే చోటని ఊహించుకుని అక్కడ ఇంకొంచెం రుద్దాడు. ఇరవై ఏళ్ళుగా ఎవరో ఒకరు మాపిన బట్టలే చూశాడు గాని, మాపడం ఇంత కష్టమని తెలియదు. మరక సహజంగా రాలేదు.

“ఓరి నాయనో!”

వెనక పేచ్చియమ్మాళ్. చంకలో తువ్వాళ్ళ గుట్ట.

“ఊరంతా రండర్రా, వచ్చి చూడండి! చాకలోడు బట్టకి మసి పూస్తున్నాడు! మా అమ్మ చెప్పింది, ఆ ముత్తుగాణ్ణి చేసుకోవద్దే, వాడికి ఒక మర తక్కువని. విన్నానా?”

“అరవకే. దానికి... దానికి ఏదో ఒక పని ఉండాలి కదా.”

“దానికా, నీకా?”

ఆ రెంటికీ తేడా ఏమిటో తెలియక అతడు దుప్పటినే చూస్తూ నిలబడ్డాడు. సుడలై అప్పటికే వార్తను రేవు అవతలి కొసదాకా చేరవేశాడు. అక్కడినుంచి ఎవరో, “ఇసక్కన్నా, మా ఇంట్లో బోలెడు మురికి ఉంది, అప్పివ్వమంటావా?” అని కేకేశారు. పేచ్చియమ్మాళ్ దుప్పటిని బండ మీది నుంచి లాక్కుని, తిట్టుకుంటూ మిషనులో పడేసి మూత మూసింది. నిమ్మకాయ ఊగింది.

గురువారం బస్సు అనుకున్న వేళకే వచ్చింది. దిగినవాళ్ళు ఎక్కువగా ముసలివాళ్ళు. ముక్కుల మీద ఎండకు తగలకుండా తెల్లటి లేపనం, మెడలో కెమెరాలు. రెజి నడివయసువాడు, నోటి దగ్గర చిన్న మైకు, చేతిలో ఎర్రగొడుగు. టార్పాలిన్ కప్పిన రేకుల పంచ వైపు ఒకసారి, ఉతికిన పంచె కట్టుకుని బండ దగ్గర నిలబడిన ఇసక్కిముత్తు వైపు ఒకసారి చూసి తృప్తిగా తలాడించాడు.

“మొదలుపెట్టు చేట్టా. మెల్లిగా. చెయ్యి బాగా పైకి,” అన్నాడు, అన్నను పిలిచే మలయాళం మాటతో.

ఇసక్కిముత్తు ఎత్తాడు. కెమెరాలు లేచాయి. రెజి బండను చూపిస్తూ మూడు వేళ్ళు ఎత్తి ఏదో చెప్పాడు. జనం ‘ఆ’ అని నోళ్ళు తెరిచారు.

“ఏమంటున్నాడు?” అన్నాడు ఇసక్కిముత్తు, పెదవులు కదలకుండా.

“ఈ బండ మూడొందల ఏళ్ళదంట,” అన్నాడు సుడలై. అతనికి నాలుగు ముక్కల ఇంగ్లీషు వచ్చు.

“నా పెళ్ళినాడు సిమెంటుతో పోశాం కదరా.”

“అయితే నీకు మూడొందల ఏళ్ళన్నా. కొట్టు, ఆపకు.”

కొట్టాడు. వలకాపరి మాట తలచుకుని, దుప్పటిలో ఏదో ఉందని చెయ్యికి చెప్పడానికి ప్రయత్నించాడు. చెయ్యి నమ్మలేదు. ఫెడేలు, ఫెడేలు, ఫెడేలు. ప్రతి దెబ్బా చివరిదే. భుజంలో సన్నటి నిప్పుపోగు చెవిదాకా పాకింది. ఎంతసేపయిందో, ఇంకెంతసేపో తెలియలేదు.

అంతలో వెనకనుంచి గుడగుడ మొదలైంది. గుడగుడ దడదడగా మారింది. పిండే దశకు వచ్చిన మిషను టార్పాలిన్ కింద వణికిపోతోంది. ఆపమని పేచ్చియమ్మాళ్‌కు ఎవరూ చెప్పలేదు. విడిదివాళ్ళకు తువ్వాళ్ళు మధ్యాహ్నానికి కావాలి మరి. కుమరేశన్ గట్టిగా దగ్గడం మొదలుపెట్టాడు. మిషను దగ్గుకు మించి మోగింది. రెజి ముఖం గొడుగు రంగుకు వచ్చింది.

గుంపులోంచి ఒక పొడుగాటి ముసలావిడ తిన్నగా పంచ వైపు నడిచింది. టార్పాలిన్ అంచు ఎత్తి లోపలికి వంగి చూసింది. ఇసక్కిముత్తు చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. అయిపోయింది, మిషను పోయింది అనుకున్నాడు.

ఆవిడ నవ్వింది. మిషను మూత మీద చెయ్యి వేసి, తన గుండె మీద వేలు పెట్టుకుని, ఏదో అంది.

“వాళ్ళింట్లోనూ ఇదే మిషనంట,” అన్నాడు సుడలై ఆశ్చర్యంగా.

మిషను ఆగింది. పేచ్చియమ్మాళ్ ఇవేవీ పట్టనట్టు తడి తువ్వాళ్ళు భుజాన వేసుకుని దండెం దగ్గరికి నడిచింది. ఆమె వెనక ఆ ముసలావిడ. ఆవిడ వెనక ఇంకొందరు.

అక్కడి దండేలకు పిన్నులుండవు. రెండు పేటలు పురిపెట్టి కట్టిన కొబ్బరి మోకులు అవి. పేచ్చియమ్మాళ్ బొటనవేలితో పురిని కొంచెం విప్పి, తువ్వాలు కొసను సందులోకి తోసి, వేలు తీసేసింది. తాడు దానంతటదే మూసుకుంది. రెండో కొస. తర్వాతి తువ్వాలు. సముద్రపు గాలికి బట్టలన్నీ తెరచాపల్లా ఉబ్బాయి గాని ఒక్కటీ జారలేదు. బరువుకు మోకు కిందికి వాలగానే ఆమె అటు చూడకుండానే వెదురు గెడ అందుకుని, వాలిన చోట ఆనించి, పైకి లేపింది. ముసలావిడ ఒక తువ్వాలును మెల్లిగా లాగి చూసింది. గట్టిగా లాగింది. రాలేదు. చిన్నపిల్లలా కేరింత కొట్టింది.

గుంపంతా అటు వెళ్ళిపోయింది. రెజి పరుగెత్తాడు, ఆ వెనకే మడత నలిగినా చూసుకోకుండా కుమరేశన్. బండ దగ్గర ఇసక్కిముత్తు ఒక్కడే మిగిలాడు. ఎవరూ చూడడం లేదు. ఇంకో రెండు దెబ్బలు కొట్టాడు, ఆపమని ఎవరైనా చెప్పేదాకా కొట్టాలేమోనని. ఎవరూ చెప్పలేదు. దుప్పటిని తొట్టి గట్టు మీద పెట్టి భుజం పట్టుకున్నాడు.

బస్సు కదిలేముందు రెజి నవ్వుతూ వచ్చాడు. “చేట్టా, ఇక నువ్వు బాదక్కర్లేదు. బతికిపోయావు! శనివారం ఇంకో ఓడ ఉంది. చేచ్చి, అదే మీ ఆవిడ, తాడు చూపిస్తే చాలు. ఆ మిషను కూడా ఉండనీ, వాళ్ళకి నచ్చింది.” తర్వాత పేచ్చియమ్మాళ్ వైపు తిరిగాడు. “చేచ్చీ, ఒక్కటే. ఈసారి తడి బట్టలొద్దు. వాళ్ళ మీద చుక్కలు పడ్డాయి. ఎండినది ఏదైనా తగిలించు, తియ్యి, తగిలించు. అంతే.”

“ఓస్, అంతేనా?” అంది పేచ్చియమ్మాళ్. భర్త వైపు ఓరగా చూసింది. “నేను మా ఆయనలా బట్టకి మసి పూయనులే.”

రేవంతా నవ్వింది. ఇసక్కిముత్తూ నవ్వాడు. చెయ్యి మిగిలింది, మిషను మిగిలింది, షెడ్డు కూడా వస్తుందేమో. సంతోషించవలసినవన్నీ వరసగా ఉన్నాయి. వాటిని మళ్ళీ ఒకసారి లెక్క చూసుకున్నాడు.

శనివారం పొద్దున, బస్సు రావడానికి ఇంకా వ్యవధి ఉండగా, పేచ్చియమ్మాళ్ ఆ గుర్తు లేని దుప్పటిని దండెం దగ్గరికి తీసుకువెళ్ళడం అతడు ఇస్త్రీబల్ల దగ్గరినుంచి చూశాడు. ఆమె పురి విప్పి ఒక కొస దూర్చింది. రెండో కొస దూర్చింది. దుప్పటి నిలిచింది. గెడ అందుకుంది. ఎండిన బట్టకు బరువు లేక మోకు వాలలేదు. గెడను ఒకచోట ఆనించింది, తీసింది, రెండడుగులు జరిపి ఇంకోచోట ఆనించింది. అక్కడా మోకు గెడను అడగలేదు. గెడను చేత్తో పట్టుకుని, దారి తప్పినదానిలా ఆ మోకును ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది. దుప్పటి తీసి మళ్ళీ తగిలించింది. మళ్ళీ అదే.

అటూ ఇటూ చూసింది. సుడలై వీపు తిప్పుకుని ఉన్నాడు. దుప్పటిని గబుక్కున చుట్ట చుట్టి, భర్త బండ దగ్గరికి వచ్చి, తొట్టిలో ముంచింది.

తల ఎత్తేసరికి ఎదురుగా ఇసక్కిముత్తు.

“ఎండినదే కావాలన్నాడు కదే?” అన్నాడు.

“నీకెందుకు? నీ పని చూసుకో పో.”

ఆమె గొంతులో కోపం ఉంది, కళ్ళలో లేదు. నీళ్ళు కారుతున్న దుప్పటిని రెండు చేతులా ఎత్తింది. ఒక్కరు పిండగలిగే బరువు కాదది. అతడు రెండో కొసను ఎడమచేత్తో అందుకుని, కుడిచేతిని కిందినుంచి ఆనించి, ఆమె ఒకవైపు తిప్పుతుంటే తను రెండోవైపు తిప్పాడు. మధ్యలో దుప్పటి మోకులా పురి పడి బిగుసుకుంది. నీళ్ళు బండ మీదికి ధారగా కారాయి.

ఇద్దరూ వంగి వాటి రంగు చూశారు. తొట్టిలో ఎంత తెల్లగా ఉన్నాయో అంత తెల్లగానే ఉన్నాయి.